కోసిగి అవ్వ మీద విచారణ

కోసిగి క్రైస్తవ సంఘంలో మరియమ్మ అనే ముసలామె మారెమ్మ జాతరలో కోసిన దున్నపోతు మాంసం తినిందనీ, ఆమెను ప్రభు భోజనం నుంచి వెలివేయాలనీ అక్కడి పెద్దలు కబురు పంపినారు. విచారణకు పాస్టరునైన నేను పోవాల్సి వచ్చింది. శనివారం తెల్లవారి కడపలో మూడో తరగతి టిక్కెట్టు తీసుకొని బండెక్కినాను. యుద్ధపు రోజులు, కాలు పెట్టేకి సందు లేదు. ఈ దారిన పోయేవాళ్లు సద్ది కట్టుకొని పోండి. భార్య పోయినప్పటి నుంచి నాకు సద్ది కట్టేవాళ్లు లేరు.

గుంతకల్లులో బండి చాలాసేపు ఆగింది. బయట పూటకూళ్ల ఇంటికి పోతే గడపలోనే ఆపి పేరడిగినారు. యేసుదాసు అన్నాను. "అట్లయితే పెరట్లోకి పో, ఆడ పెడతాం" అన్నారు. ఒళ్లు మండింది. మీ అన్నం మీరే తినండని వచ్చేసినాను. రోషం బాగానే ఉంది గానీ కడుపు ఊరుకుంటుందా?

ఎదుటి బల్ల మీద తిరుపతిలో గుండ్లు చేయించుకొని ఆదోనికి పోతున్న రైతు కుటుంబం.

"యాడికి పోతాండావప్పా?" అనింది ఆ ఇల్లాలు.

"కోసిగికి."

"ఇంకా దూరముండాది. ఇది తిను" అని కొండ వడ ఒకటి చేతిలో పెట్టింది. పేరడగలేదు. పొద్దున్నుంచి నన్ను పలకరించిన మనిషి ఆమె ఒక్కతే. ప్రసాదమని నాకు తెలీదా? తెలుసు. ప్రభువుకు స్తోత్రం చెప్పుకొని తిన్నాను. ఇంకొకటిస్తే అదీ తిన్నాను.

మధ్యాహ్నానికి కోసిగి చేరినాను. వానలు లేక సగం ఊరు కూలి వెతుక్కుంటూ పోయింది. మరియమ్మ కొడుకూ కోడలూ అట్లే వలస పోయినారు. ఆమెకు మిగిలింది ఈ సంఘమే. ప్రభు భోజనపు బల్ల దగ్గర నుంచి తోసేస్తే ఆమెతో మాట్లాడే దిక్కుండదు.

మా ప్రార్థన గుడిలోనే విచారణ.

"తినింటివా అవ్వా?"

"తింటి" అనింది, తల దించకుండా.

"ఎవరిచ్చినారు?"

"అందరికీ భాగాలేసి పంచినారయ్యా. తీసుకుంటి."

సంఘపెద్ద ఎలీషా లేచినాడు. "చూస్తిరా అయ్యగారూ? విగ్రహానికిచ్చింది తినిన నోటికి ప్రభువు రొట్టె ఇస్తారా?"

"ఈ పొద్దు నేనూ తిన్నాను" అని బండిలో జరిగింది చెప్పేసినాను. అందరూ నోళ్లు తెరిచినారు.

"మిషను దొరకు రాస్తాం!" అన్నాడు ఎలీషా.

"రాసుకోండి. మరియమ్మ మాత్రం రేపు బల్లకు వస్తుంది" అన్నాను. మొండిగానే అన్నాను గానీ లోపల భయమే. ఈ కొలువు పోతే తల దాచుకునేకి నాకు చోటు లేదు. ఆ పూట నన్ను ఎవరూ అన్నానికి పిలవలేదు.

ఆదివారం రొట్టె విరిచినప్పుడు పెద్దలెవరూ ముందుకు రాలేదు. మరియమ్మ వచ్చి రెండు చేతులూ చాపింది.

సాయంత్రం తిరుగు బండి. ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా నిలబడినాను. బండెక్కి కూర్చున్నాక కిటికీ దగ్గరికి మరియమ్మ వచ్చింది.

"అయ్యా, నువ్వు నిజంగానే తింటివా, నన్ను కాపాడేకి చెప్తివా?"

"నిజంగానే అవ్వా."

ఆమె నా మొహంలోకి చూసింది. "శానా ఆకలై ఉంటాదిలే నాయనా" అనింది.

బండి కదిలింది. విచారణలో ఆమెను తినింటివా అని అడిగినాం, ఎవరిచ్చినారని అడిగినాం. ఆకలైందా అని పెద్దలు అడగలేదు. నేనూ అడగలేదు.