సీతాళె దండె పూసిన ఏడు

మొన్న మాఘమాసంలో అనంతపురంలో దగ్గరి బంధువుల ఇంట్లో పెళ్లికి వెళ్లాను. మోకాళ్ల నొప్పులున్న నాలాంటి ఆడవాళ్లను ముందువరుసలో కూర్చోబెట్టారు కాబట్టి వేదిక నా ఎదురుగానే ఉంది. వేదిక మీద స్తంభాలకూ, పందిరికీ, పెళ్లికూతురి కుర్చీ వెనకా అంతటా ఊదారంగు ఆర్కిడ్ పూలు. అవి విమానంలో వస్తాయని పక్కనున్నావిడ చెప్పింది. నిజం పూలో ప్లాస్టిక్ పూలో తెలియక, జనం భోజనాలకు లేచినప్పుడు మెల్లగా వెళ్లి ఒకదాన్ని వేలితో తాకి చూశాను. చల్లగా, మెత్తగా, చంటిబిడ్డ చెవి తమ్మెలా ఉంది. అక్కడ నిలబడి ఉండగానే నాకు కళ్లనీళ్లు వచ్చాయి. చూసినవాళ్లు ఆనందబాష్పాలనుకుని ఉంటారు.

ఆర్కిడ్ అనే మాట మాకు తెలియని రోజుల్లోనే మా పెరట్లో ఒకటి వేలాడుతూ ఉండేది. దాన్ని పెంచింది మా ఆడబిడ్డ.

నేను పుట్టింది యాడికిలో. పామిడికి కోడలిగా వచ్చింది తొంభైల చివరలో. ఆ కాలంలో మా వైపు కాపురాలు చేసిన ఆడవాళ్లకు నీళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. పెన్న అంటే మాకు ఇసుకే. ఆ ఇసుకలో చెలమ తవ్వి, నీరు ఊరేదాకా పక్కన కూర్చుని, చెంబుతో తోడి బిందె నింపుకోవడమే మేమెరిగిన నది. మామ వేరుశెనగ వేసిన ప్రతి ఏడూ ఆకాశం వైపు చూడడం, విత్తనాలు మొలిచి వాడిపోతే ఎవరితోనూ మాట్లాడకుండా రెండు రోజులు పడుకోవడం ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. అంత కరువులోనూ మా అత్త ఇంటిముందు సన్నజాజి తీగను మాత్రం ఎండనిచ్చేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు, ముఖం కడిగిన నీళ్లు అన్నీ దాని మొదట్లోకే. సాయంత్రమైతే అత్త అరుగు మీద కూర్చుని మాల కట్టి, నా జడలో పెట్టి, మిగిలినవి ఇరుగుపొరుగులకు పంపేది.

నేను కాపురానికి వచ్చిన మరుసటి ఏడు మా ఆడబిడ్డ భర్త పోయాడు. ఆమెది నా వయసే, మహా అయితే ఏడాది చిన్నదేమో. సోమందేపల్లెలో ఇచ్చారు. అతనికి హైవే పక్కన టైర్ల అంగడి ఉండేది. ఒకరోజు అంగడి ముందు రోడ్డు దాటుతూ లారీ కింద పడ్డాడు. పిల్లలు లేరు. కర్మకాండ ముగిశాక మామ వెళ్లి కూతుర్ని పుట్టింటికి తీసుకొచ్చాడు. ఆటో దిగి తల వంచుకుని ఆమె లోపలికి వస్తున్నప్పుడు, తలుపు మీదికి పాకిన ఆ సన్నజాజి పూలు రెండు ఆమె భుజం మీద రాలాయి. ఆమె వాటిని చూసుకోలేదు. అత్త చూసింది.

ఆ సాయంత్రమే అత్త కొడవలి తీసుకుని తీగను మొదలంటా నరికేసింది. వద్దని అడ్డుపడబోయాను.

“దాని కండ్ల ముందర ఇది పూస్తాంటే నేను చూడలేనమ్మా. నన్నిడ్సు,” అంది. ఆ మాట గడపలోపల ఉన్న ఆడబిడ్డకు వినపడింది. చాలా నెలలపాటు ఆమె ఏమీ అనలేదు, దేనికీ.

నేనూ పూలు పెట్టుకోవడం మానేశాను. ఆ ఇంట్లో ఆమె ఎదురుగా పూలు పెట్టుకుని తిరగడానికి మనసొప్పలేదు. ఒకరోజు గంపలో పూలమ్మే ఆమె వీధిలో పోతుంటే మా ఆడబిడ్డే పిలిచి కనకాంబరాలు తీసుకుంది. వాటిని తన చేత్తో నా తలలో పెట్టలేదు, పెట్టకూడదని ఎవరు నేర్పారో ఏమో. పళ్లెంలో పెట్టి నా ముందుకు తోసింది.

“నీకేమొచ్చింది వదినా? నా కోసరం నువ్వెందుకు అట్లుండాల? పెట్టుకో,” అంది కోపంగా. నెలల తర్వాత ఆమె నాతో ఆడిన మొదటి మాట అది.

మామకు సూదులు వేయడానికి మా వీధి చివర క్రైస్తవుల ఇంటి నర్సమ్మ వచ్చేది. గట్టిగా మాట్లాడే మనిషి, ఎవరింట్లోనైనా తన ఇంట్లోలాగే తిరిగే మనిషి. ఎప్పుడు వచ్చినా మా ఆడబిడ్డ గదిలో మూలకు కూర్చుని ఉండడం చూసి, ఒకసారి తన ఇంటినుంచి బ్రహ్మకమలం ఆకు తెచ్చి చేతిలో పెట్టింది. “ఊరికే కూసుంటే ఏమొస్తాది పాపా? ఇది పాతిపెట్టు. ఆకులోంచే చెట్టు వస్తాది,” అంది. పగిలిపోయిన కుండ అడుగుభాగంలో మట్టి నింపి, స్నానాలు చేసే జలదారి పక్కన పెట్టి, మా ఆడబిడ్డ ఆ ఆకు నాటింది. అది బతికింది. తర్వాత ఎవరో ఇచ్చిన నైట్‌క్వీన్ కొమ్మ బతికింది. చంద్రకాంతలు విత్తనాలు రాలి వాటంతటవే పెరిగాయి. పెరడు మొత్తం పొద్దుగూకాక పూసే పూలతో నిండింది.

అలాంటివే ఎందుకు పెంచుతున్నావని నేను అడగలేదు. నాకు తెలుసు. పొద్దున్నే పనిమీద పోయేవాళ్లకు ఎదురు పడకూడదని ఆమె పగటిపూట వీధి గుమ్మంలోకి వచ్చేదే కాదు. సందెవేళ ఇరుగుపొరుగు వంటల్లో మునిగిన తర్వాత పెరట్లోకి వచ్చి, నీళ్లు పోసి, ఆకుల మీది దుమ్ము తడిగుడ్డతో తుడిచి, మొగ్గలు విచ్చుకునేదాకా తిన్నె మీద కూర్చునేది. నైట్‌క్వీన్ వాసనకు పాములు వస్తాయని పక్కింటివాళ్లు భయపెట్టారు. “వస్తే రానీ అక్కా, వాటికి మాత్రం ఎవరుండారు,” అని నవ్వింది. ఆ నవ్వు చూసి అత్త ఇంట్లోకి వెళ్లి ఏడ్చింది. పాముల మాటకు కాదు, కూతురు నవ్వినందుకు.

అలాంటి రోజుల్లో మా చిన్నమామ ఆ కొమ్మ తెచ్చాడు. ఆయన మామకు తమ్ముడు, లారీ నడిపేవాడు, కర్ణాటకలో సకలేశపురం ఘాటు మీదుగా తిరిగేవాడు. గాలివానకు రోడ్డు మీద పడిన మానునుంచి నరికి తెచ్చిన కొమ్మ అది, దాని మీద దళసరి ఆకులున్న ఒక మొక్క వేళ్లతో కరుచుకుని ఉంది. మట్టిలో పెట్టొద్దని, తాడుకట్టి వేలాడదీయాలని, దాని పేరు సీతాళె దండె అని, కాఫీతోటలో కూలికి వచ్చిన ఆడవాళ్లు చెప్పారట.

“పూసిందంటే నక్కతోక మాదిరి ఇంత పొడుగు గుత్తి దిగుతాదంట మ్మేయ్,” అని చెయ్యి చాపి చూపించాడు. “అడవిలో ఉన్నప్పుడు సీతమ్మ పెట్టుకున్నెంట. ఆపక్క ఆడోళ్లంతా తలలో పెట్టుకుంటారు.”

మా ఆడబిడ్డ ముఖంలో వెలుగు ఆరిపోయింది. “అయితే పూయకుంటేనే మేలు చిన్నాయనా,” అంది. పాపం, తాను ఎవరితో ఏం మాట్లాడాడో అప్పుడు తెలిసింది ఆయనకు. కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

పూయకుంటేనే మేలన్న ఆ మొక్కనే ఆమె అన్నిటికంటే ప్రాణంగా చూసుకుంది. జలదారి మీద వేలాడదీసి, చుట్టూ గోనెపట్టా కట్టి, దాన్ని ఎప్పుడూ తడిగా ఉంచేది. కర్ణాటక మలెనాడు కొండల అడవిలో మంచు తాగి పెరిగిన చెట్టు మా వడగాడ్పులకు ఎలా ఓర్చుకోవాలి? ఎండాకాలంలో ఆకులు ముడతలు పడేవి. నీళ్ల ట్యాంకరు వారానికోసారి కూడా రాని ఆ రోజుల్లో అత్తకు ఒళ్లు మండేది. “తాగేదానికి నీల్లు ల్యాకుంటే కట్టెకు స్నానాలా?” అని అరిచేది. మా ఆడబిడ్డ ఎదురు చెప్పేది కాదు. తాను స్నానం చేసే నీళ్లలోంచి చెంబుడు మిగిల్చి దానికి పోసేది. ఏళ్లు గడిచాయి. నాకు పిల్లలు పుట్టి బడికి కూడా పోతున్నారు. సీతాళె దండె బతికి ఉందే తప్ప పూయలేదు.

బ్రహ్మకమలం మాత్రం ఒక వానాకాలం ఒళ్లంతా మొగ్గ తొడిగింది. ఫలానా రోజు రాత్రి విచ్చుకుంటుందని నర్సమ్మ చెప్పగా ఆ మాట వీధంతా పాకి, భోజనాలయ్యాక ఆడవాళ్లందరూ మా పెరట్లోకి వచ్చారు. పొద్దున ఆమె ఎదురైతే వెనక్కి తిరిగిపోయేవాళ్లే, ఆ రాత్రి ఆమె తిన్నె మీద కూర్చుని పూలు విచ్చుకోవడం చూశారు. తెల్లటి రేకులు కదులుతూ కదులుతూ విప్పారుతుంటే చంటిపిల్లలు కూడా అల్లరి మాని చూశారు. మా ఆడబిడ్డ ముఖం వెలిగిపోతూ ఉంది, ఏ మొగ్గ ముందో ఏ మొగ్గ వెనకో చెబుతూ ఉంది. అప్పుడు ఎదురింటి పెద్దామె చెట్టుకు టెంకాయ కొట్టి, హారతి ఇచ్చి, కుంకుమ గిన్నెతో అందరికీ వరుసగా బొట్టు పెడుతూ వచ్చింది. మా ఆడబిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. ఒక్క క్షణమే. పక్కనున్న నా నుదుటి మీదికి జరిగిపోయింది.

అత్త లేచింది.

“చూసింది సాలు. ఇంగ పోండి అందరూ,” అంది.

“యాల వదినా, నేనేమంటి?” అని ఆ పెద్దామె తెల్లబోయింది.

“ఏమీ అనలేదు లే. నా బిడ్డ నీల్లు పోసి పెంచిన చెట్టు. దానికి ల్యాని బొట్టు మాకెందుకు? పోండి.”

నరికిన సన్నజాజి గురించి అత్త ఆ తర్వాతా ఎప్పుడూ మాట్లాడలేదు. కానీ ఆ రాత్రినుంచి గోనెపట్టా తడపడానికి నీళ్లు తనే తెచ్చిపెట్టేది.

మా ఆడబిడ్డకు రొమ్ములో గడ్డ ఉన్న సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎవరికి చెప్పాలో తెలియక దాచుకుందట. స్నానాల గది తలుపు సందులోంచి ఏడుపు విని నేను లోపలికి పోతే అప్పుడు చూపించింది. నర్సమ్మ చూసి మా ఆయన్ను పక్కకు పిలిచింది. బెంగళూరు తీసుకుపోయారు. ఆపరేషను, ఆ తర్వాత మందులు ఎక్కించడం, వారాల తరబడి అక్కడే. వెళ్లేటప్పుడు నాతో చెట్ల గురించి తప్ప ఇంక దేని గురించీ మాట్లాడలేదు. “సీతాళె దండె వేళ్లు తెల్లగుంటే దప్పిక అని లెక్క వదినా, పచ్చగుంటే పోయొద్దు,” అని నేర్పింది. తెల్లబడ్డ ప్రతిసారీ నేను పోశాను.

ఇంక చేసేదేమీ లేదని వైశాఖంలో ఇంటికి పంపించేశారు. ఆ ఏడు ఎప్పుడూ లేనిది, ఎండలు ముదరకముందే రెండు మంచి వానలు పడ్డాయి. జలదారి మీద ఆకుల మధ్య నుంచి పచ్చటి తోకలాంటిది కిందికి దిగుతూ ఉండడం ముందు చూసింది మా ఆడబిడ్డే, మంచం మీదినుంచి. రోజూ పొద్దున ఆ మంచాన్ని అక్కడికే లాగమనేది. అది పొడుగై, కొస దాకా మొగ్గలు కట్టి, ఒక ఉదయం పూసింది. తెలుపు మీద లేత గులాబీ చుక్కలు, వందల పూలు ఒక్క గుత్తిగా, జడకుచ్చులా. పట్టపగలు ఎండలో పూసింది.

అత్త వచ్చి చూసింది. కత్తి తెచ్చి ఆ గుత్తిని మొదలంటా కోసింది. ఈమె దీన్ని కూడా నరికేస్తోందనుకున్నాను. కానీ అత్త దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది.

“రామ్మా, తలలో పెడ్తా. ఎవరేమంటారో నేను చూస్తా,” అంది.

మా ఆడబిడ్డ లేచి కూర్చుంది. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసింది. మందులకు ఆ తల మీద ఒక్క వెంట్రుక కూడా మిగల్లేదన్న సంగతి అత్తకు తెలుసు, రోజూ నూనె రాసేది తనే. ఆ క్షణాన మరిచిపోయింది. పూలగుత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మా ఆడబిడ్డే ఆ గుత్తిని తల్లి చేతుల్లోంచి తీసుకుంది. తువ్వాలు మళ్లీ కట్టుకుని, చెవి మీద దాని మడతలో గుత్తి మొదలు దోపింది. భుజం మీదినుంచి రొమ్ము దాకా దిగిందది. నన్ను అద్దం అడిగింది. మా ఆయన గడ్డం గీసుకునే అద్దం తెచ్చి ఇచ్చాను. చాలాసేపు చూసుకుంది.

“బాగుండానా వదినా?”

“బాగుండావు పాపా,” అన్నాను. అబద్ధం కాదు. ఆమెను అంత అందంగా నేను ఆమె పెళ్లి ఫోటోలో కూడా చూడలేదు.

శ్రావణం రాకముందే ఆమె పోయింది. సీతాళె దండె మరుసటి ఎండాకాలం ఎండిపోయింది. నీళ్లు పోయక కాదు, నేనూ అత్తా పోటీపడి పోశాం. బహుశా ఎక్కువే పోశామేమో. అత్త కూడా పోయి చాలా ఏళ్లయింది.

ఇప్పుడు పెన్నలోకి కాలువ నీళ్లు వదులుతున్నారు, ఇంటింటికీ కుళాయి వచ్చింది, కోడళ్లు బిందె ఎత్తడం ఎరగరు. మార్పంటే నా మనసు మాత్రం ఇంకోవైపు పోతుంది. మా వీధిలోనే ఒకమ్మాయి, పోయిన ఏడు భర్తను పోగొట్టుకుంది, బ్యాంకులో పని చేస్తుంది. రోజూ పొద్దున బొట్టు పెట్టుకుని, జడలో మూరెడు మల్లెపూలు పెట్టుకుని, స్కూటరు మీద మా గుమ్మం ముందునుంచే పోతుంది. ఎవరూ వెనక్కి తిరగరు. ఎవరూ లోపలికి పోరు. ఒకరోజు నా చూపు గమనించి బండి ఆపింది.

“ఏమత్తా, అట్ల చూస్తాండావు?” అంది.

“ఏం ల్యాదమ్మా, పూలు బాగుండాయి,” అన్నాను.

నవ్వి వెళ్లిపోయింది. ఆ పిల్లను చూస్తే నాకు సంతోషమే, దేవుడి సాక్షిగా సంతోషమే. కానీ ఇంత సులువైన పనిని మేమంతా కలిసి ఒక మనిషికి ఎందుకంత కష్టం చేశామో అని, బండి చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి ఉంటాను.