మామ చేతికిచ్చిన కార్బొరేటర్

నా చిన్నప్పుడు చిల్లకూరు దగ్గర మద్రాసు రోడ్డు పక్కన మా మామకు మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు ఉండేది. మామ అంటే మా అమ్మకు పిన్నమ్మ కొడుకు. ఆ చుట్టుపక్కల ఇంజను విప్పి మళ్ళీ బిగించగలిగినవాడు ఆయనొక్కడే. అందుకని చుట్టాల్లో కాస్త ఎదిగిన మగపిల్లవాడు ఉన్న ప్రతి తల్లీ వాణ్ణి వెంటబెట్టుకుని ఆ షెడ్డు ముందు నిలబడేది. మా అమ్మా అలాగే నిలబడింది. మా నాయన పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. అమ్మ బియ్యం మిల్లులో వడ్లు ఉడికించే పనికి పోయేది. విడవలూరు వైపు రైతు ఒకాయన నన్ను గొడ్ల దగ్గర జీతానికి పెట్టుకుంటానని కబురు చేశాడు. షెడ్డులో చోటు దొరికితే అమ్మ దగ్గరే ఉంటాను. దొరక్కపోతే శనివారం ఆ రైతు పంపే మనిషి వెంట వెళ్ళిపోవాలి.

మామ అమ్మను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. "నువ్వు అడగాల్నా అక్కా? వాడు నా అల్లుడు కాడా?" అన్నాడు. లోపలికి పోయి మసి పట్టిన పాత కార్బొరేటర్ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాని పక్కన చిన్న ఇత్తడి స్క్రూ ఉంది. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజను ఆగిపోకుండా గాలిని సరిచేసేది అదే. ఉప్పుగాలికి పట్టేసిందనీ, దాన్ని ఊడదీసిన రోజే షెడ్డులో చేరొచ్చనీ చెప్పాడు. అమ్మ తనకన్నా చిన్నవాడైన ఆ తమ్ముడికి రెండు చేతులెత్తి దండం పెట్టింది.

నాకు షెడ్డు నీడలో చోటివ్వలేదు. రోడ్డువారగా ఎండలో కూర్చోమన్నారు. స్క్రూ మీద కిరసనాయిలు పోశాను, ఆముదం పోశాను, చెక్కతో తట్టి చూశాను. స్క్రూడ్రైవర్ జారిన ప్రతిసారీ అరచేతిలో తోలు లేచిపోయేది. మామ కింద పెద్ద పనివాడు ఒకడుండేవాడు. అందరూ అన్నా అని పిలిచేవారు. అతనికి నేను మంచి కాలక్షేపం. "ఏందిరా, పెళ్ళికూతురు ఇంకా తలెత్తలేదా?" అని లోపలి నుంచి అరిచేవాడు. బండ్లు తెచ్చినవాళ్ళు నవ్వేవారు. మామ మాత్రం నవ్వడు. దగ్గరకు వచ్చి నా చేతులు తిప్పి చూసి, "నీకు బలం లేదురా. మీ నాయనకూ లేదు" అని వెళ్ళిపోయేవాడు.

ఇంటికి పోతే అమ్మదీ అదే మాట. మామ చోటిస్తానంటే నాకే చేతకాలేదంది. అన్నం పెట్టేటప్పుడు నా మొహం చూసేది కాదు. నిజంగానే నాకు చేతకాదని నేనూ నమ్మాను. చర్మం లేచిన చెయ్యి మానుతుంది. ఆ నమ్మకం అలా మానేది కాదు.

శుక్రవారం పొద్దున ఒక సంగతి తట్టింది. ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న గ్లాసులను అమ్మ వేడినీళ్ళలో పెట్టి విడదీసేది. కార్బొరేటర్ పట్టుకుని మిల్లుకు పోయాను. వడ్లు ఉడికే కొప్పెరలో ముంచబోతే, బియ్యానికి కిరసనాయిలు వాసన పడుతుందని మేస్త్రీ కర్ర తీసుకుని తరిమాడు. అతను అటు తిరగగానే కొప్పెర కింద కణకణలాడే ఊక నిప్పులోకే దాన్ని తోసేశాను. కాసేపటికి బయటికి లాగి, గోనెపట్టతో అదిమి పట్టుకుని స్క్రూ తిప్పాను. తిరిగింది. వెన్నలో తిరిగినట్టు తిరిగింది. వేళ్ళు కాలుతున్నా వదల్లేదు. స్క్రూ బయటికి రాగానే దాని వెంట తెల్లగా ఒక బొట్టు జారి నేల మీద గట్టిపడింది.

అన్నీ పట్టుకుని షెడ్డుకు పరుగెత్తాను. మామ లేడు. పెద్ద పనివాడు ఆ బొట్టును గోటితో గీకి చూసి నవ్వు ఆపేశాడు.

"సీసంరా. బిందెలకు మాటు వేస్తారే, అది. మీ మామ పోయమంటే స్క్రూ మరల్లో నేనే కరిగించి పోసినా. నీకు ముందు ఎంతమంది పిలకాయలు దీన్ని పట్టుకోని కూర్చున్నారో! ఒక్కడూ ఊడదీయలే."

ఎందుకు పోయమన్నాడని అడిగాను.

"చోటు లేదని అక్కచెల్లెళ్ళ మొహాన చెప్తే చెడ్డపేరు రాదా? ఇట్లయితే పిలకాయలే ఇడిసిపెట్టి పోతారు."

పొమ్మనలేక పొగబెట్టడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

మామ వచ్చాడు. ఊడిన స్క్రూను చూశాడు, నన్ను చూశాడు, కార్బొరేటర్‌ను అటూ ఇటూ తిప్పాడు. నిప్పుకు దాని అంచు వంకరపోయింది. వెంటనే అమ్మను పిలిపించాడు. "చూడక్కా, నమ్మి చేతికిస్తే కాల్చి పెట్టినాడు. రేపు జనం బండ్లు వీడి చేతికి ఎట్లా ఇచ్చేది?" అన్నాడు. నేను సీసం బొట్టు చూపించి జరిగిందంతా చెప్పాను. పెద్ద పనివాడి వైపు చూశాను. అతను ఒక చక్రానికి గాలి కొడుతూ తల ఎత్తలేదు.

ఆదరించి మజ్జిగ ఇచ్చిన తమ్ముడు అలాంటి పని చేయిస్తాడని అమ్మ ఎలా నమ్ముతుంది? మామ మీద చాడీలు చెబుతావా అంటూ రోడ్డు మీదే చేతికందిన దానితో కొట్టింది. మామే వచ్చి అడ్డం నిలిచాడు. "ఇడిసిపెట్టక్కా, పసివాడు. వాడికి చేతకాకపోతే ఏం చేస్తాడు" అని నా తల నిమిరాడు. ఆ నిమరడం కన్నా అమ్మ దెబ్బలే నయమనిపించింది.

శనివారం గొడ్ల దగ్గరికి పోయాను. అమ్మ బతికినన్నాళ్ళూ మామ దేవుడనీ, నేనే చేజేతులా చోటు పోగొట్టుకున్నాననీ చెప్పుకునేది. నేను మళ్ళీ ఎదురు చెప్పలేదు.

చాలా ఏళ్ళకు కౌలుకు నేల తీసుకుని నలుగురికి పని చెప్పే స్థితికి వచ్చాను. పని కోసం ఎవరు వచ్చినా, ఉంటే ఉందంటాను. లేకపోతే వాళ్ళు కూర్చోకముందే లేదంటాను. రాతిగుండె మనిషని నాకు పేరు. ఒకసారి చెల్లెలు వరసయ్యే ఆమె కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. "పని లేదమ్మా" అన్నాను. మంచినీళ్ళు కూడా తాగకుండా వెనక్కి తిరిగింది. మళ్ళీ మా గడప తొక్కలేదు. ఆ పిల్లవాడు మాత్రం వీధి మలుపు దాకా నన్ను నానా బూతులూ తిట్టుకుంటూ పోయాడు. నేను వాకిట్లో నిలబడి అన్నీ విన్నాను. అన్నీ నన్నే. తనను తాను ఒక్క మాట కూడా అనుకోలేదు.