రొమ్ము అత్తది, జవాబు మామది

సోమవారం ఉదయం ఆరు గంటలకు కంబదూరులో మా చిన్నత్త చనిపోయింది. వయసు యాభై రెండు. తగ్గిందనుకున్న క్యాన్సర్ ఊపిరితిత్తుల్లో మళ్లీ తేలింది.

రెండేళ్ల కిందట అనంతపురంలోని ఒక ఆసుపత్రిలో ఆమె ఎడమ రొమ్ము తీసేసి, వీపు కండతో కొత్తది కట్టారు. ఖర్చు ఆసుపత్రే భరించింది. ఏడాది తర్వాత, ఆమెకు ఎంత తృప్తిగా ఉందో తెలుసుకోవడానికి ఫోన్ చేశారు. వాళ్ల దగ్గరున్నది మామ నంబరు. మామ స్పీకర్ పెట్టాడు. అత్త పక్కనే కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

"బట్టలు వేసుకున్నప్పుడు ఎలా కనిపిస్తోంది?"

"బాగుండాది మేడమ్."

"చెయ్యి పైకి లేస్తోందా?"

"బాగా లేస్తాది."

"అది తన ఒంట్లో భాగమే అనిపిస్తోందా?"

"శానా సంతోషం మేడమ్. పదికి పది ఏసుకోండి."

ఆ ఎడమ చెయ్యి భుజం దాటి లేవదు. దండెం మీద చీర ఆరేయాలంటే అత్త ముక్కాలిపీట ఎక్కేది.

"ఏమయ్యా, నా రొమ్ముకు నువ్వు మార్కులేస్తివా? కోసింది నిన్నా?"

"ఊరికే చేసినారు కదమే. అన్నం పెట్టినోళ్లకు వంక పెడతామా?"

"జాకెట్టు కుట్టేటామె కూడా, ఏసుకోని చూడు, యాడ బిగుతో చెప్పు అంటాది. వీళ్లకు నేను పన్లేదా?"

ఆమే ఆసుపత్రికి ఫోన్ చేసింది. మళ్లీ అడుగుతామన్నారు. అడగలేదు. తర్వాత పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరు అదే ఆపరేషన్‌కు కొత్తగా వచ్చిన ఒకామెకు అత్తను చూపించాడు: "ఈమె పదికి పది ఇచ్చింది." అత్త ఆ అమ్మాయిని పక్కకు పిలిచింది. "చేయించుకో తల్లీ. కానీ చెయ్యి లేవదేమో, ముందే అడుగు. నాకెవురూ చెప్పలేదు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, తోడు వెళ్లిన నాతో అన్నది ఒక్కమాటే: "ఒకరి నొప్పి ఇంకొకర్ని అడిగి రాయొద్దు పాపా." విలేకరిగా వార్తకు వెళ్లినప్పుడు ఇప్పటికీ ఆ మాట పాటిస్తాను.

నిన్న మామ సెల్లుకు మెసేజ్ వచ్చింది. రెండో ఏడాది ప్రశ్నలు అడగడానికి ఆసుపత్రి నుంచి ఫోన్ చేస్తారట.

"ఈసారి ఏం చెప్పల్ల పాపా?" అన్నాడు మామ.

ఆయన సెల్లును దండెం కింది ముక్కాలిపీట మీద పెట్టాడు. గురువారం పది గంటలకు అది మోగుతుంది.