ఒక్కపొద్దు మాత్ర

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, ఆదోని పక్కపల్లెల్లో చెక్కభజన అంటే అయ్యన్నదే. యాభై దాటినా చెక్కలు మోగిస్తూ గొంతుక్కూర్చుని ఒక్కసారి ఎగిరి లేచాడంటే పడుచువాళ్లు నోరెళ్లబెట్టేవాళ్లు. పొగడ్తంటే చెవి కోసుకునే మనిషి. మోకాళ్లు మాత్రం పొగడ్తకు లొంగలేదు. చేనిపనీ ఆటా కలిసి వాటిని అరగదీశాయి.

అప్పుడే అంగట్లో తెల్ల నొప్పిమాత్రలు కనిపించాయి. ఆస్పిరిన్ అట. మింగిన కాసేపటికే సలుపు తగ్గేది, వాపూ దిగేది. అయ్యన్న సంబరానికి అంతులేదు. భజన ఉన్నరోజు జట్టుకు గురువైన అయ్యన్న ఒక్కపొద్దుండాలి, ఆట ముగిసేదాకా మెతుకు ముట్టకూడదు. మాత్ర మెతుకు కాదు కదా అని ఊరంతా తీర్పు చెప్పింది. ఖాళీ కడుపున రెండేసి మింగేవాడు. కడుపులో మంటను భక్తి కింద జమకట్టుకున్నాడు.

శివరాత్రి తిరునాళ్లకు మహానందిలో ఆడమని పిలుపొచ్చింది. అంత పెద్ద పిలుపు ఆయనకు ఎన్నడూ రాలేదు. సాధన పెరిగింది, రోజూ ఒక్కపొద్దే, మాత్రలూ పెరిగాయి. దొడ్డికి తారులా నల్లగా పోతుంటే, "వేడి బయటికి పోతాండాది లే" అన్నాడు భార్య హంపమ్మతో. ఒక సాయంత్రం ఆడుతూ ఆడుతూ కుప్పకూలాడు. శిష్యుడు సుంకన్న బండికట్టి ఆసుపత్రికి తోలాడు.

డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. "మాత్ర చెడ్డది కాదప్పా. అన్నం తిన్నాక, కొద్దిగా, కొన్నాళ్లు వాడితే మేలే. నువ్వు ఖాళీ కడుపున నెలల తరబడి మింగినావు. లోపల పుండుపడి నెత్తురు కారింది. ఆ నలుపు అదే. నీకింక ఒక్కటి కూడా వద్దు."

ప్రాణం దక్కింది. అయ్యన్నకు అది చాల్లేదు. మహానందికి బయల్దేరేముందు భార్యను బతిమాలాడు.

"ఒక్కటియ్యే. శివుని ముందర ఒక్క ఆట."

"శివునికి ఆడేవాళ్లు శానామంది ఉండారు," అంది హంపమ్మ. "నాకు నువ్వొక్కడివే." ఆయన ఎదుటే మాత్రలను పొయ్యిలో వేసింది.

మహానందిలో అయ్యన్న మధ్యలో కూర్చుని పాడాడు, చుట్టూ శిష్యులు ఆడారు. తాను ఎగరాల్సిన చోట సుంకన్న ఎగిరాడు. జనం ఈలలు వేశారు. అయ్యన్నకు కుళ్లు పుట్టింది, ఏడుపూ వచ్చింది. మోకాళ్లు సలుపుతూనే ఉన్నాయి. భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, "ఇంకా కిందికి కూచో సుంకన్నా, ఇంకా పైకి లేస్తావు," అని చెప్పి, చెక్కల జోరు పెంచాడు.