దౌడ కాదు, దౌడపన్ను

గుజరాత్‌లోని బమ్రోలిలో మా పక్కగది పెద్దమ్మ పోయిందని మొన్న సోమవారం అమ్మ నా హాస్టల్‌కు ఫోన్ చేసి చెప్పింది. రక్తసంబంధం ఏమీ లేదు. మా గల్లీలో అందరికీ ఆమె పెద్దమ్మే.

మగ్గాల కార్ఖానాలో బాబిన్లకు దారం చుట్టేది. దారాన్ని పంటితో తెంపీ తెంపీ ముందుపన్నుకు సన్నని గాడి పడింది. మా అక్క కూతురు అందులో గోరు పెట్టి చూస్తుంటే, కదలకుండా నోరు తెరిచి కూర్చునేది. తెలియనిది ఎదురైతే నసగకుండా “తెల్వదు” అనేది. ఆ వెంటనే “అడుగుదాం పా” అని చెప్పులేసుకునేది.

రెండేళ్ల కింద ఓ పొద్దున, ఐదేళ్ల ఆ పిల్ల చెంప బూరెలా ఉబ్బింది. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చిన అక్క గడపలోనే కూలబడింది.

“ఆపరేషన్ చేసి దౌడ తీసేస్తరట!”

దౌడ అంటే మా మాటలో దవడ. అమ్మ ఏడుపందుకుంది. డిగ్రీ చదువుతున్న నేను కూడా ఏ ఆసుపత్రి మంచిదా అని ఆలోచించానే గానీ, ఆ మాటను అనుమానించలేదు.

“ఆగుండ్రి జర,” అంది పెద్దమ్మ. “దౌడ దీస్తే పిల్ల బుక్క నములుడెట్ల? డాక్టరు ఏమన్నడో, అన్నది అన్నట్టే చెప్పు బిడ్డా.”

“దాఢ్ కాఢ్‌వీ పడ్‌శే అన్నడు.”

పెద్దమ్మ పకపకా నవ్వింది. “ఓ పిచ్చిదానా! గుజరాతీల దాఢంటె దౌడపన్ను!” నావైపు తిరిగింది. “ఈన్నే పుట్టి పెరిగినవ్, కాలేజీకి వోతున్నవ్, నీకు సుత తట్టలేదే?”

దవడ దక్కింది గానీ చిక్కు తీరలేదు. ఆపరేషన్ మాట డాక్టరు నిజంగానే అన్నాడు.

“పాలపన్నే గదా, అదే ఊడుతది. మత్తిచ్చి కోసుడెందుకు?” అన్నాడు బావ.

పెద్దమ్మ ఆ చెంపను వేలికొసతో తాకింది. “తెల్వదు. అడుగుదాం పా.”

లోపల చీము పట్టిందనీ, పన్ను ఊడేదాకా ఆగితే అది పాకుతుందనీ డాక్టరు చెప్పాడు. మూడు రోజుల మందులకు వాపు తగ్గితే కుర్చీలోనే సూదిమందు వేసి తీయవచ్చు. తగ్గకపోయినా, జ్వరం పెరిగినా, పెద్దాసుపత్రిలో మత్తిచ్చి ఆపరేషన్ చేయాల్సిందే.

“తగ్గిందో లేదో ఎట్ల తెలుస్తది?” తనకొచ్చిన హిందీలో అడిగింది పెద్దమ్మ.

“చూస్తే తెలుస్తుంది మాసీ.”

ఆ జవాబు ఆమెకు చాలలేదు. రోజూ పొద్దున్నే ఒకే దారాన్ని పిల్ల చెవితమ్మె నుంచి చెంప మీదుగా పెదవి కొసదాకా పరిచి, అక్కడ ముడి వేసేది. రెండో రోజు ముడి మొదటి ముడి మీదే పడింది. ఆ పూట మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. మూడో రోజు ముడి గోరంత వెనక్కి జరిగింది. పన్ను కుర్చీలోనే తీశారు.

ఆ తర్వాత నేను క్లాసులో అర్థం కాకపోతే లేచి అడగడం మొదలుపెట్టాను. అది ఆమె పెట్టిన అలవాటే.

పన్ను తీసిన రోజు అక్క పిల్లను ఎత్తుకుని ముద్దులాడుతుంటే, పెద్దమ్మ తపాలా బిళ్లంత ఎక్స్‌రే ఫిల్మును కిటికీ దగ్గరికి పట్టుకెళ్లింది. కింద తెల్లగా ఉన్నదేమిటని అడిగింది. రాబోయే పన్ను, పైకి రావడానికి ఇంకో ఐదేళ్లు పడుతుందన్నాడు డాక్టరు.

“గిప్పటిసందే తయారై కూసున్నదా!”

ఆ పన్ను ఇప్పటికీ రాలేదు. ఆ రోజు బయట బావ ఆటో ఆపి పిలుస్తున్నాడు. పెద్దమ్మ ఒక కన్ను మూసి, ఫిల్మును ఎండకు ఎత్తి పట్టుకుని, చూస్తూనే ఉంది.