ఏసీ నీళ్ళు పోసిన మొక్కలు

ఆకు ముఖం చూసి రోగం చెప్పే విద్య నాకు మా నాయిన దగ్గర అబ్బింది. జగిత్యాల పక్కన మాకు రెండెకరాల పసుపు ఉండేది. గట్టు మీద నడుస్తూనే ఇది ఆకలి, ఇది తెగులు, ఇది నీరెక్కువ అని చెప్పేవాణ్ణి. చెప్పకుండా ఉండలేకపోయేవాణ్ణి కూడా. పక్కవాడి చేనులో తప్పు కనబడితే అడగకున్నా వెళ్ళి తిట్టి వచ్చేవాణ్ణి. "నీ నోరే నీకు శత్రువు" అని నాయిన అంటుండేవాడు. ఆయన అన్నది సగమే నిజమైంది. నా నోరు నన్నేం చేయలేదు, ఇంకొకరిని ముంచింది.

బోర్లు ఎండిపోయాక నేను సౌదీ వెళ్ళి హఫర్ అల్ బాతిన్‌లో ఒక చిన్న కంపెనీలో ఏసీలు కడిగే పనిలో చేరాను. అన్న అక్కడే పరిచయం. సిరిసిల్ల వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద, మేస్త్రీ పని. కుడి బొటనవేలి మీద ఎప్పుడో సుత్తి పడి గోరు నిలువునా చీలి, అట్లాగే రెండు గోళ్ళుగా పెరిగింది. మాట తక్కువ. నేను రోజంతా వాగితే పడుకునే ముందు ఒక ముక్క అనేవాడు, అదే సరైన ముక్క అయ్యేది.

తర్వాత నితాఖాత్ వచ్చింది. కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలి, లేకపోతే సర్కారు ఆ కంపెనీకి ఎరుపు రంగు వేస్తుంది. ఎరుపు పడితే మా ఇకామాలు, అంటే అక్కడ ఉండే పర్మిట్లు, రెన్యూవల్ కావు. మా కంపెనీ ముందు పసుపైంది, ఆపైన ఎర్రనైంది. దాని మీద తలకింత లెవీ. మాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్, చేతులెత్తేసి, మిగిలిన మా ఇద్దరినీ ఉనైజా బయట తన తమ్ముడి ఖర్జూర తోటకు పంపాడు. ఆ తమ్ముణ్ణి మేం చిన్న కఫీల్ అనేవాళ్ళం. అప్పటికే మా ఇకామాలు చచ్చిపోయి ఏడాది. బాకీ పడ్డ లెవీ కట్టి అతను ఖురూజ్ కొట్టిస్తే తప్ప మేం దేశం దాటలేం.

నాకంటే అన్నకు తొందర ఎక్కువ. ఆరేళ్ళుగా ఇల్లు చూడలేదు. వదినెకు షుగర్‌తో కళ్ళు పోతున్నాయి. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోదీ మసకేనని డాక్టర్ చెప్పాడు. "నాకు కనబడుతున్నప్పుడే రా" అని ఆమె ఫోన్లో అనేది. అన్న "వస్త, వస్త" అని పెట్టేసి, ఆ పూట తినేవాడు కాదు.

మా గది వెనక నేను పుంటికూర, అదే గోంగూర, వేశాను. తోట బావి నీళ్ళు ఉప్పు, సున్నం. అవి పోస్తే మట్టి మీద తెల్లగా పొర కట్టి ఆకులు పసుపెక్కేవి. ఖర్జూరాలు దాచే గదికి రెండు పెద్ద ఏసీలు ఉండేవి, పైపుల్లోంచి చుక్క చుక్కగా నీళ్ళు కారేవి. ఏసీలు కడిగినవాణ్ణి కదా, ఆ నీళ్ళలో ఉప్పుండదని నాకు తెలుసు. బకెట్ పెట్టి పట్టి పోశాను. పుంటికూర నిగనిగలాడింది. పప్పులో వేసుకుని తింటుంటే ఊళ్ళో ఉన్నట్టే ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం చిన్న కఫీల్ మా గది వెనకకు వచ్చాడు. పుంటికూరను చాలాసేపు చూశాడు. జేబులోంచి దస్తీ తీసి, మడత విప్పి, అందులోని ఆకును పుంటికూర ఆకు పక్కన పెట్టాడు. రెండూ చేతివేళ్ళలా విచ్చుకున్నవే, రెండింటికీ అంచున రంపపు పళ్ళే. కాకపోతే నాది పచ్చగా ఉంది, అతనిది పసుపుగా ఉంది.

"సదీక్, దీనికేం రోగం?" అన్నాడు.

చూడగానే తెలిసింది. మా దగ్గర కంది చేలల్లో దొంగచాటుగా వేసి, పోలీసులు వచ్చి పీకి తగలబెట్టిన మొక్క అది. గంజాయి. సౌదీలో అది దగ్గరుంటే జైలు, అమ్మకానికని తేలితే తలే పోవచ్చు. చూసి చెబుతానన్నాను.

"తెల్వదని చెప్పు తమ్మీ," అన్నాడు అన్న ఆ సాయంత్రం. "నీ తెలివి నీ దగ్గర్నే పెట్టుకో. గా ఆకు మనకు వద్దు."

తెలియదని చెప్పడానికే వెళ్ళాను. వాడకుండా వదిలేసిన పాత ప్లాస్టిక్ షెడ్డు మూలన, పెయింటు డబ్బాల్లో తొమ్మిది మొక్కలు. పక్కన యూరియా బస్తా. గుక్కెడు మంచినీళ్ళకు అలమటిస్తున్న మొక్కకు అతను గుప్పిళ్ళతో యూరియా పెడుతున్నాడు. నా నోరు ఆగలేదు. యూరియా బంద్ చెయ్, మొక్కను చంపుతున్నావని కఫీల్ మీదే అరిచాను. అతను కోపం తెచ్చుకోకుండా నవ్వాడు. అప్పుడే నాకు అర్థం కావాల్సింది.

కింది ముదురాకులు ముందు పసుపెక్కితే మొక్కకు ఆకలి. పై లేతాకు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే, మట్టిలో ఇనుమున్నా సున్నం దాన్ని పైకి పోనివ్వడం లేదని. అంచులు కాలినట్టుంటే ఉప్పు. అతని మొక్కలకు రెండోదీ మూడోదీ ఉన్నాయి. డబ్బాల అడుగున చిల్లులు పెద్దవి చేసి, మూడు రోజులు మంచినీళ్ళతో మట్టిని కడిగాను. ఎరువుల దుకాణం నుంచి ఐరన్ పొడి తెప్పించి చిటికెడు కలిపాను. తర్వాత అన్నీ ఏసీ నీళ్ళే. మా పుంటికూరకు ఆ బకెట్ అందడం ఆగిపోయింది, అది నెలలోపే ఎండిపోయింది.

పసుపెక్కిన ముదురాకు మళ్ళీ పచ్చబడదు, దాన్ని చూసి లాభం లేదు. కొత్త చిగురును చూడాలి. పన్నెండో రోజు చిగురు పచ్చగా వచ్చింది. సిగ్గుగా ఉన్నా చెబుతాను, నాకు సంతోషమైంది. ఊళ్ళో చేను పోయాక నా చేతి కింద ఒక మొక్క బతకడం అదే మొదలు.

చిన్న కఫీల్ ఖుషీ అయ్యాడు. మా ఇద్దరికీ ఖురూజ్ కొట్టించమని అడిగాను. ఇప్పుడు ఒక్కడికే లెవీ కడతానన్నాడు. రెండోవాడు మొక్కలు కోతకు వచ్చాక పోవచ్చు, మాఫీ ముష్కిల్, ఏ ఇబ్బందీ లేదు. ఎవరు ముందో మీరే తేల్చుకోండి అన్నాడు.

అన్న నా వంక చూశాడు. అడగలేదు. ఆయన అడిగేవాడు కాదని నాకు తెలుసు, ఆ ధైర్యంతోనే నేను ముందు నోరు తెరిచాను. "నేనుంటే పని తెలిసినోడని నన్ను జన్మల ఇడ్వడే అన్నా. నేను ముందు వోత. నీకన్నీ నేర్పిచ్చి వోత. రెండు నెలల్ల నువ్వొస్తవ్."

"సరే తీ," అన్నాడు. "ఆమెకు జెర సూపున్నప్పుడే వోవాలె నేను," అన్నాడు.

నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ నా ఇంట్లో ఎవరికీ కళ్ళు పోవడం లేదు. బయలుదేరే ముందు మూడు రోజులు అన్నను ఆ డబ్బాల చుట్టూ తిప్పాను. ఎంత పొయ్యాలో, ఏ ఆకు చూడాలో నేర్పాను. ఆ ఆకు మనకు వద్దని చెప్పిన మనిషి చేతే దాన్ని ముట్టించాను.

ఇంటికొచ్చిన నెలన్నరకు వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. అన్న అరచేతిలో ఆకు, పసుపు రంగులో. దాని కింద అన్న గొంతు: "మల్ల గట్లనే అయితుంది తమ్మీ. ఏం జెయ్యాలె?"

ఖర్జూరాలు అమ్ముడుపోయాయి. గది ఖాళీ, ఏసీలు బంద్. బకెట్‌లో నీళ్ళు లేక అన్న బావి నీళ్ళే పోస్తున్నాడు. ఇంతటి పండితుణ్ణి, చలికాలం వస్తుందని నాకు తట్టలేదు.

చచ్చిపోనియ్యి అన్నా, పీకి పారెయ్యి అని చెప్పాల్సింది. మొక్కలు చస్తే ఖురూజ్ పోతుందని భయపడ్డాను. అంతకంటే, నా వైద్యం వికటించిందని నాకు రోషం వచ్చింది. మంచినీళ్ళ ట్యాంకరు అతన్ని అడిగి రెండు డ్రమ్ములు నింపించుకో, రోజూ ఒక ఆకు ఫోటో పెట్టు, నేను చూసి చెబుతా అన్నాను. నేను చెప్పింది చెప్పినట్టు అన్న చేశాడు. రోజూ అరచేతిలో ఒక ఆకు. చివరి ఫోటోలో ఆకు లేత పచ్చగా, ఏ మచ్చా లేకుండా ఉంది. "వారమే అన్నడు తమ్మీ. కాయితం తయారైతుందట." అది నాకు అందిన ఆయన చివరి మాట.

నాలుగు రోజుల తర్వాత ఆ ట్యాంకరు డ్రైవరు ఫోన్ చేశాడు. కడప సాయిబు, తోటకు నీళ్ళు తెచ్చేవాడు.

"మీ అన్నను పోలీసోళ్ళు పట్టుకోని పోయినారు భయ్యా. మొక్కలన్నీ పెరికి బండిలో ఏసుకున్యారు. ఫోన్ గుంజుకున్యారు, దాంట్లో అన్నీ ఆకుల ఫోటోలే ఉన్నాయంట."

"మరి చిన్న కఫీల్?"

"ఆయప్పకేమి భయ్యా? మీ అన్న పారిపోయినాడని ఎప్పుడో హురూబ్ ఏయించినాడంట. దొంగతనంగా నా షెడ్డులో దూరి పెంచుకుండాడు, నాకేమీ తెలీదు అని చెప్పినాడు. ఆయప్ప మాట ఇంటారా, మన మాట ఇంటారా?"

ఖురూజ్ ఇస్తానన్న నోటితోనే పారిపోయాడని రాయించి పెట్టుకున్నాడు. బహుశా నేను ఆ మొదటి చిగురు చూసి మురిసిపోతున్న రోజుల్లోనే.

వదినెకు గంజాయి మాట ఎవరమూ చెప్పలేదు. ఇకామా లేక పట్టుకున్నారు, జైల్లో ఉన్నాడు, ఆలస్యమవుతుంది అన్నాం. ఎంత ఆలస్యమో మాకూ తెలియదు. నిరుడు ఆమె బస్సెక్కి, దారి అడుక్కుంటూ మా ఇంటికి వచ్చింది.

"తమ్మీ, ఆయన ఫోటో ఉన్నదా నీ దగ్గర, ఈ నడుమది?" అంది.

ముఖం ఉన్న ఫోటో ఒక్కటీ లేదు. చెరిపేయాల్సిన ఆ చివరి ఫోటో ఒక్కటే ఉంది. లేదని చెప్పడానికి ఈసారీ నోరు రాలేదు. ఫోన్ ఇచ్చాను. ఆమె దాన్ని మిగిలిన కంటికి తగిలేంత దగ్గరగా పెట్టుకుంది.

"చెయ్యే ఉన్నది," అంది. తర్వాత, "పచ్చగ గిదేంది? పుంటికూరనా?"

"అవ్ వదినె. పుంటికూర."

"పుంటికూరంటె పానమిస్తడు," అంది. "మంచిగ పెంచిండు."

రెండు వేళ్ళతో ఫోటోను పెద్దది చేసుకుంది. ఆకు తెర మీద నుంచి పక్కకు పోయింది. చీలిన గోరు దగ్గర ఆపి, దాని మీద తన బొటనవేలు పెట్టి, నేను చాయ్ తాగమన్నా వినకుండా అట్లాగే కూర్చుంది.