గట్టిపడని మంచు

కువైట్‌లో నేను పనిచేసిన ఐస్ హాకీ మైదానంలో మంచును నున్నగా చేసే బండి నడిపేది మా రాయచోటి అన్న. బండి దిగగానే గ్లౌజు తీసి మంచు మీద అరచేయి ఆనించేవాడు. "గట్టిపడింది, ఆడుకోమను" అని ఆయనంటేనే ఆట మొదలయ్యేది.

ఒకరోజు ఆటలో ఒకతని తల పగిలింది. ఆ రక్తం గీకి తీసింది అన్నే. మైదానంలో డాక్టరును పెట్టేదాకా ఆడబోమని జీతానికి ఆడే ఆటగాళ్లంతా గేటు బయట కూర్చున్నారు. సాయంత్రానికి మైదానం యజమాని వాళ్ల బదులు ఆడించడానికి వేరే జట్టును తెచ్చాడు. మా ఇద్దరికీ వీసా ఇచ్చి పూచీ పడ్డ కఫీల్ ఆ యజమానే. కోపమొస్తే అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు రద్దు చేసి విమానం ఎక్కిస్తాడు.

అన్న బండి దిగి, వంగి మంచు మీద చేయి ఆనించాడు. ఎంతకీ తియ్యలేదు.

"ఇంగా గట్టిపడల్యా. ఆయప్పకు చెప్పబ్బా" అన్నాడు తలెత్తకుండా. అన్నకు అరబ్బీ రాదు, ఆయన మాట నేనే చెప్పాలి.

యజమాని నా వైపు తిరిగాడు. నేనూ వంగి ముట్టుకున్నాను. బండరాయిలా ఉంది.

"ఇంకా మెత్తగానే ఉంది బాబా. ఈరోజు ఆడలేరు" అన్నాను అరబ్బీలో.

అన్న చేయి ఇంకా మంచు మీదే ఉంది.